మాగ్నటైట్

మాగ్నటైట్ ఇనుము, ఆక్సిజన్ కలిసి ఏర్పడిన నల్లని ఖనిజం. దీని అణు ఫార్ములాలో మూడు ఇనుము పరమాణువులకు నాలుగు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. రసాయన శాస్త్రంలో దీనిని ఫెర్రోసోఫెర్రిక్ ఆక్సైడ్ అని కూడా అంటారు. తెలుగువారు సూదంటురాయి అని పిలిచేది, ప్రకృతిలో తనంత తానుగా అయస్కాంతంగా మారిన మాగ్నటైట్ ముక్కనే.

మాగ్నటైట్‌లోని ఇనుము అంతా ఒకే ఆక్సీకరణ స్థితిలో ఉండదు. ప్రతి మూడు అయాన్లలో ఒకటి ఫెర్రస్ (+2) స్థితిలోను, రెండు ఫెర్రిక్ (+3) స్థితిలోను ఉంటాయి. అందుచేత ఇది పరివర్తన లోహాల మిశ్రమ ఆక్సైడ్ల వర్గానికి చెందుతుంది. ఈ వర్గపు పదార్థాలలో ఏ ఎలక్ట్రాన్ ఏ అయాను వద్ద నిలిచి ఉంది, ఏది ఒక అయాను నుండి మరొక అయానుకు కదలగలుగుతోంది అన్న విషయమే అయస్కాంతత్వాన్నీ, విద్యుద్వాహకతనూ నిర్ణయిస్తుంది. మానవులకు వేల సంవత్సరాలుగా తెలిసిన ఈ రాయి ఇనుమును ఆకర్షించే తీరుకు సరైన లెక్క 1948లో గాని దొరకలేదు. అతి శీతల స్థితిలో ఇందులోని ఎలక్ట్రాన్ల అమరిక 2012లో గాని స్పష్టపడలేదు.

పేరు, పూర్వ చరిత్ర

సంస్కృతంలో "అయస్" అంటే ఇనుము, "కాంత" అంటే ప్రియమైనది. ఇనుమునకు ప్రియమైన రాయి కనుక అయస్కాంతం అనే పేరు వచ్చింది. సూదిని అంటుకొనే రాయి సూదంటురాయి. శరీరంలో గుచ్చుకున్న ఇనుప ములుకును అయస్కాంతంతో తీసే పద్ధతి సుశ్రుత సంహితలో ప్రస్తావించబడింది. చైనాలో షెన్ కువో 11వ శతాబ్దంలో అయస్కాంతపు సూది దిక్కును చూపుతుందని వర్ణించాడు. ఇంగ్లండుకు చెందిన విలియం గిల్బర్ట్ 1600లో ప్రచురించిన గ్రంథంలో భూమియే ఒక పెద్ద అయస్కాంతమని ప్రతిపాదించాడు. ఆయన తన ప్రయోగాలకు గోళాకారంగా చెక్కిన సూదంటురాయిని వాడాడు.

ప్రతి మాగ్నటైట్ ముక్కా సూదంటురాయి కాదు. మామూలు మాగ్నటైట్ అయస్కాంతానికి గట్టిగా ఆకర్షింపబడుతుంది, కాని తాను ఇనుమును చెప్పుకోదగినంతగా ఆకర్షించదు. పిడుగు పడినప్పుడు ప్రవహించే గొప్ప విద్యుత్తు వలన కొన్ని రాళ్ళు శాశ్వత అయస్కాంతాలుగా మారి ఉంటాయని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

సామాన్య లక్షణాలు

మాగ్నటైట్ నల్లగా, లోహం వంటి మెరుపుతో ఉంటుంది. పింగాణీ పలక మీద గీస్తే నల్లని గీత పడుతుంది. హెమటైట్ అనే మరో ఇనుప ఖనిజం ఎర్రని గీత ఇస్తుంది కనుక ఈ రెండింటినీ సులభంగా గుర్తు పట్టవచ్చు. మాగ్నటైట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 5.2 గ్రాములు. శుద్ధమైన ఖనిజంలో బరువును బట్టి 72.4 శాతం ఇనుము ఉంటుంది. సుమారు 585 డిగ్రీల సెల్సియస్ వద్ద దీని అయస్కాంతత్వపు క్రమం చెదిరిపోతుంది. ఈ ఉష్ణోగ్రతను క్యూరీ ఉష్ణోగ్రత అంటారు.

స్ఫటిక నిర్మాణం

మాగ్నటైట్ స్ఫటిక నిర్మాణాన్ని 1915లో విలియం హెన్రీ బ్రాగ్ ఎక్స్-కిరణాల సహాయంతో కనుగొన్నాడు. స్పైనెల్ అనే ఖనిజానికి కూడా ఇదే నిర్మాణం ఉన్నందువలన దీనిని స్పైనెల్ నిర్మాణం అంటారు. స్ఫటికంలో పదే పదే పునరావృతమయ్యే ఘనం అంచు పొడవు సుమారు 0.84 నానోమీటర్లు. ఈ ఘనంలో 32 ఆక్సిజన్ అయాన్లు, 24 ఇనుము అయాన్లు ఉంటాయి.

ఆక్సిజన్ అయాన్లు పెద్దవి కనుక గోళీలు పేర్చినట్లు దగ్గరగా పేరుకుంటాయి. చిన్నవైన ఇనుము అయాన్లు ఆ గోళీల నడుమ ఉన్న ఖాళీలలో ఇముడుతాయి. ఈ ఖాళీలు రెండు రకాలు.

- ఎ స్థానాలు: వీటి చుట్టూ నాలుగు ఆక్సిజన్ అయాన్లు ఉంటాయి. ఇవి చతుర్ముఖీయ స్థానాలు. ఒక్కొక్క ఘనంలో ఇటువంటివి 8 నిండి ఉంటాయి.
- బి స్థానాలు: వీటి చుట్టూ ఆరు ఆక్సిజన్ అయాన్లు ఉంటాయి. ఇవి అష్టముఖీయ స్థానాలు. ఒక్కొక్క ఘనంలో ఇటువంటివి 16 నిండి ఉంటాయి.

ఫెర్రస్ అయాన్లు ఎనిమిది, ఎ స్థానాలు కూడా ఎనిమిదే. కాబట్టి ఫెర్రస్ అయాన్లు ఎ స్థానాలలోను, ఫెర్రిక్ అయాన్లు బి స్థానాలలోను ఉంటాయని ఎవరికైనా తోస్తుంది. వాస్తవంలో అలా జరగదు. ఎ స్థానాలన్నీ ఫెర్రిక్ అయాన్లతో నిండుతాయి. బి స్థానాలను మిగిలిన ఫెర్రిక్ అయాన్లు, ఫెర్రస్ అయాన్లు సమానంగా పంచుకొంటాయి. దీనిని విలోమ స్పైనెల్ నిర్మాణం అంటారు. ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ఎలక్ట్రాన్ల అమరికను పరిశీలించాలి.

ఎలక్ట్రాన్ స్థితులు

ఇనుము వంటి పరివర్తన లోహాల ప్రత్యేకత వాటి 3డి ఆర్బిటాళ్ళలో ఉంది. ఇవి ఐదు. ఒక్కొక్క దానిలో రెండు ఎలక్ట్రాన్ల వరకు ఉండవచ్చు. ఎలక్ట్రాన్లు వీలైనంత వరకు వేరు వేరు ఆర్బిటాళ్ళలో, ఒకే దిశలో స్పిన్ కలిగి ఉంటాయని హుండ్ నియమం తెలుపుతుంది. జత లేని ప్రతి ఒంటరి ఎలక్ట్రాన్ ఒక చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. దాని బలాన్ని స్థూలంగా ఒక బోర్ మాగ్నెటాన్‌గా తీసుకొంటారు.

ఫెర్రిక్ అయానులో ఐదు 3డి ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఐదు ఆర్బిటాళ్ళలో ఒక్కొక్కటి చొప్పున ఐదూ ఒంటరివే. ఫెర్రస్ అయానులో ఆరు ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఆరవది వచ్చి ఒక దానితో జత కట్టక తప్పదు. అందుచేత అందులో ఒంటరి ఎలక్ట్రాన్లు నాలుగు మాత్రమే.

స్ఫటికంలో చుట్టూ ఉన్న ఆక్సిజన్ అయాన్ల ఋణావేశం ఈ ఐదు ఆర్బిటాళ్ళ శక్తిని సమానంగా ఉండనివ్వదు. బి స్థానంలో మూడు ఆర్బిటాళ్ళు తక్కువ శక్తితోను, రెండు ఎక్కువ శక్తితోను ఉంటాయి. ఎ స్థానంలో దీనికి విరుద్ధంగా రెండు కింద, మూడు పైన ఉంటాయి. ఈ చీలికను వివరించేది స్ఫటిక క్షేత్ర సిద్ధాంతం. ఫెర్రిక్ అయానులో ఐదు ఆర్బిటాళ్ళూ సమానంగా నిండి ఉన్నందువలన ఈ చీలిక వలన దానికి లాభమూ లేదు, నష్టమూ లేదు. అది ఏ స్థానంలోనైనా ఉండగలదు. ఫెర్రస్ అయానులోని ఆరవ ఎలక్ట్రాన్ మాత్రం తక్కువ శక్తి గల ఆర్బిటాల్‌లో చేరి లాభపడుతుంది. ఆ లాభం బి స్థానంలో ఎక్కువ. కనుక ఫెర్రస్ అయాన్లు బి స్థానాలకు చేరి, ఫెర్రిక్ అయాన్లలో సగం ఎ స్థానాలకు పోతాయి. మాగ్నటైట్ గుణాలన్నింటికీ ఈ ఆరవ ఎలక్ట్రానే కీలకం.

అయస్కాంతత్వం

ఒక అణు ఫార్ములాలోని ఒంటరి ఎలక్ట్రాన్లను కూడితే 5 + 5 + 4 = 14 వస్తుంది. అన్నీ ఒకే దిశలో ఉంటే అయస్కాంత భ్రామకం 14 బోర్ మాగ్నెటాన్లు కావాలి. ప్రయోగాలలో కొలిచిన విలువ సుమారు 4.1 మాత్రమే. పియరీ వైస్ 1907లో ప్రతిపాదించిన అణు క్షేత్ర సిద్ధాంతం ఇనుము, నికెల్ వంటి లోహాల అయస్కాంతత్వాన్ని బాగా వివరించింది గాని, ఈ తేడాకు కారణం చెప్పలేకపోయింది.

ఫ్రాన్సు దేశానికి చెందిన లూయీ నీల్ 1948లో దీనికి సమాధానం చెప్పాడు. ఎ స్థానాలలోని అయాన్ల స్పిన్‌లన్నీ ఒక దిశలోను, బి స్థానాలలోని అయాన్ల స్పిన్‌లన్నీ దానికి వ్యతిరేక దిశలోను ఉంటాయని ఆయన ప్రతిపాదించాడు. అప్పుడు లెక్క ఇలా మారుతుంది.

- ఎ స్థానం: ఒక ఫెర్రిక్ అయాను, 5
- బి స్థానాలు: ఒక ఫెర్రిక్ అయాను, ఒక ఫెర్రస్ అయాను, 5 + 4 = 9
- తేడా: 9 − 5 = 4

ఇది కొలిచిన విలువకు చాలా దగ్గరగా ఉంది. రెండు చోట్ల ఉన్న ఫెర్రిక్ అయాన్ల భ్రామకాలు పరస్పరం రద్దయిపోగా, బయటకు కనిపించే అయస్కాంతత్వమంతా ఫెర్రస్ అయాన్లకు సమానమైనదే. ఎదురెదురు దిశలలో ఉన్నప్పటికీ బలాలు సమానం కానందువలన మిగిలే ఇటువంటి అయస్కాంతత్వానికి నీల్ ఫెర్రి అయస్కాంతత్వం అని పేరు పెట్టాడు. 1951లో అమెరికాలో షల్, వోలన్, కోలర్‌లు న్యూట్రాన్ వివర్తన ప్రయోగాల ద్వారా ఈ అమరికను నిర్ధారించారు. నీల్‌కు 1970లో, షల్‌కు 1994లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతులు లభించాయి.

ఆక్సిజన్ పాత్ర

ఎ, బి స్థానాలలోని ఇనుము అయాన్ల మధ్య ఆక్సిజన్ అయాను అడ్డుగా ఉంటుంది. ఆక్సిజన్‌కు స్వయంగా అయస్కాంత భ్రామకం లేదు. అయినా అది రెండు ఇనుము అయాన్ల మధ్య మధ్యవర్తిగా పని చేస్తుంది. ఆక్సిజన్ పి-ఆర్బిటాల్‌లోని రెండు ఎలక్ట్రాన్లు వ్యతిరేక స్పిన్‌లు కలిగినవి. వాటిలో ఒకటి ఒక వైపు ఇనుముతోను, రెండవది మరొక వైపు ఇనుముతోను కొద్దిగా పంచుకోబడతాయి. ఫెర్రిక్ అయానులో ఐదు ఆర్బిటాళ్ళలోనూ ఒక్కొక్క ఎలక్ట్రాన్ ఉన్నందున, వచ్చే ఎలక్ట్రాన్ దానికి వ్యతిరేక స్పిన్ కలిగి ఉండాలి. ఫలితంగా రెండు ఇనుము అయాన్ల స్పిన్‌లు ఎదురెదురు దిశలు పొందుతాయి.

ఈ పరోక్ష బంధాన్ని సూపర్ ఎక్స్ఛేంజ్ అంటారు. క్రామర్స్ 1934లో సూచించిన ఈ భావనను ఫిలిప్ ఆండర్సన్ 1950లో అభివృద్ధి చేశాడు. ఇనుము, ఆక్సిజన్, ఇనుము ఒకే సరళరేఖకు దగ్గరగా ఉంటే ఈ బంధం బలంగా ఉంటుంది. ఎ, బి స్థానాల మధ్య ఈ కోణం సుమారు 125 డిగ్రీలు. రెండు బి స్థానాల మధ్య సుమారు 90 డిగ్రీలు మాత్రమే. అందువలన ఎ, బి స్థానాల నడుమ వ్యతిరేకతదే పైచేయి అవుతుంది. ఆ ఒత్తిడికి బి స్థానాలలోని అయాన్లు అన్నీ ఒకే దిశకు తిరుగుతాయి.

విద్యుద్వాహకత

హెమటైట్‌లోని ఇనుము అంతా ఫెర్రిక్ స్థితిలో ఉంటుంది. అది విద్యుత్తును దాదాపు ప్రసరింపనీయదు. మాగ్నటైట్ మాత్రం గది ఉష్ణోగ్రత వద్ద ఆక్సైడ్లలో మంచి వాహకంగా లెక్కింపబడుతుంది.

ఈ తేడాకు కారణం ఆరవ ఎలక్ట్రాన్. బి స్థానాలలో ఫెర్రస్, ఫెర్రిక్ అయాన్లు పక్క పక్కనే ఒకే రకమైన స్థానాలలో ఉంటాయి. ఫెర్రస్ అయాను నుండి ఒక ఎలక్ట్రాన్ పక్కనున్న ఫెర్రిక్ అయానుకు పోతే, మొదటిది ఫెర్రిక్‌గాను, రెండవది ఫెర్రస్‌గాను మారతాయి. మొత్తం మీద స్థితి మారదు, కాని ఎలక్ట్రాన్ ఒక అడుగు ముందుకు జరిగింది. బి స్థానాల స్పిన్‌లన్నీ ఒకే దిశలో ఉన్నందున ఈ కదలికకు ఆటంకం కూడా తక్కువ. ఈ విధంగా అయస్కాంత క్రమం విద్యుద్వాహకతకు తోడ్పడుతుంది.

హెమటైట్, నికెల్ ఆక్సైడ్ వంటి వాటిలో ఇటువంటి సదుపాయం లేదు. ఎలక్ట్రాన్ కదలాలంటే, ఇదివరకే తగినన్ని ఎలక్ట్రాన్లు ఉన్న మరొక సమానమైన అయానులోకి చొరబడాలి. ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణ దానిని అడ్డుకొంటుంది. ఆనాటి పట్టీ సిద్ధాంతం ప్రకారం వాహకం కావలసిన నికెల్ ఆక్సైడ్ బంధకంగా ఉన్నదని డి బోర్, వెర్వే 1937లో ఎత్తి చూపారు. ఈ సమస్య మీద నెవిల్ మాట్ చేసిన కృషి వలన అటువంటి పదార్థాలను మాట్ బంధకాలు అని పిలుస్తున్నారు.

వెర్వే మార్పు

మాగ్నటైట్‌ను చల్లబరిస్తే సుమారు 120 నుండి 125 కెల్విన్ల వద్ద (దాదాపు −150 డిగ్రీల సెల్సియస్) దాని విద్యుత్ నిరోధం హఠాత్తుగా దాదాపు వంద రెట్లు పెరుగుతుంది. హాలండు దేశంలోని ఫిలిప్స్ సంస్థ పరిశోధనాలయంలో పనిచేసిన వెర్వే 1939లో దీనిని ప్రకటించాడు. అందువలన దీనికి వెర్వే మార్పు అని పేరు వచ్చింది. నమూనాలో ఆక్సిజన్ నిష్పత్తి ఏ మాత్రం తేడాగా ఉన్నా ఈ ఉష్ణోగ్రత తగ్గిపోతుంది.

అధిక ఉష్ణోగ్రత వద్ద అటూ ఇటూ కదిలే ఆరవ ఎలక్ట్రాన్లు చల్లబడినప్పుడు నిర్ణీత స్థానాలలో స్థిరపడతాయని వెర్వే వివరించాడు. ఫెర్రస్, ఫెర్రిక్ అయాన్లు వరుసలు కట్టి ఏర్పడే ఒక సరళమైన అమరికను కూడా ఆయన ఊహించాడు. 1958లో జరిగిన ఒక న్యూట్రాన్ ప్రయోగం దీనిని సమర్థించినట్లు కనిపించింది. తరువాతి ప్రయోగాలు నిజమైన నిర్మాణం అంతకంటె చాలా క్లిష్టమైనదని తేల్చాయి. చల్లబడినప్పుడు స్ఫటికం తన ఘనాకారాన్ని కోల్పోయి, వేరు వేరు దిక్కులకు తిరిగిన చిన్న చిన్న తునకల సముదాయంగా మారుతుంది. ఒకే దిక్కుకు తిరిగిన తునక దొరకనిదే పరమాణువుల స్థానాలు కచ్చితంగా తెలియవు. దశాబ్దాల పాటు ఈ సమస్య తెమలకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

2012లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన సెన్, అట్‌ఫీల్డ్‌లు, వారి సహచరుడు రైట్ అతి చిన్న మాగ్నటైట్ రేణువును ఫ్రాన్సులోని గ్రనోబుల్ సింక్రోట్రాన్ ఎక్స్-కిరణాలతో పరీక్షించి పూర్తి నిర్మాణాన్ని ప్రకటించారు. దాని ప్రకారం శీతల స్థితిలో బి స్థానాలు 16 వేరు వేరు రకాలుగా విడిపోతాయి. వెర్వే చెప్పినట్లు ఫెర్రస్, ఫెర్రిక్ అన్న విభజన స్థూలంగా నిజమే. కాని ఆరవ ఎలక్ట్రాన్ పూర్తిగా ఒకే అయానుకు పరిమితం కాదు. వరుసగా ఉన్న మూడు ఇనుము అయాన్లలో నడిమి దానిపై ఎక్కువగాను, ఇరుప్రక్కల వాటిపై కొద్దిగాను వ్యాపించి ఉంటుంది. ఈ త్రయానికి ట్రైమెరాన్ అని పేరు పెట్టారు. ఇటువంటి నిర్మాణపు చంచల రూపాలు క్యూరీ ఉష్ణోగ్రత వరకు కూడా కొనసాగుతాయని 2019లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. అంటే అయస్కాంత క్రమమూ, ఎలక్ట్రాన్ల ఈ గుంపులూ దాదాపు ఒకే ఉష్ణోగ్రత వద్ద మొదలవుతున్నాయి.

ఇతర లోహాలను కలిపినప్పుడు

మాగ్నటైట్‌లోని ఫెర్రస్ అయాను స్థానంలో వేరొక లోహపు అయానును చేరిస్తే ఫెర్రైట్లు అనే పదార్థాలు వస్తాయి. నికెల్ అయానులో రెండు ఒంటరి ఎలక్ట్రాన్లు ఉంటాయి. నికెల్ ఫెర్రైట్ కూడా విలోమ స్పైనెల్ కనుక నీల్ లెక్క ప్రకారం దాని భ్రామకం 2 కావాలి. కొలిచిన విలువ సుమారు 2.3.

జింకు విషయం ఆశ్చర్యకరమైనది. జింకు అయానులో ఒంటరి ఎలక్ట్రాన్లు లేవు, కనుక దానికి అయస్కాంత భ్రామకం లేదు. అయినా మాగ్నటైట్‌లో కొద్దిగా జింకును కలిపితే అయస్కాంతత్వం పెరుగుతుంది. జింకు ఎ స్థానాన్ని ఆక్రమించి, అక్కడి ఫెర్రిక్ అయానును బి స్థానానికి పంపడమే దీనికి కారణం. పది ఫార్ములాలలో రెండింటికి జింకు చేరిందనుకొంటే, సగటున ఒక ఫార్ములాకు ఎ వైపు బలం 5 నుండి 4కు తగ్గుతుంది. బి వైపు బలం 9 నుండి 9.2కు పెరుగుతుంది. తేడా 5.2. ఎదురు పక్షం బలహీనపడినందున మొత్తం బలం పెరిగిందన్నమాట. అయితే జింకు మరీ ఎక్కువైతే బి స్థానాలను ఒకే దిశలో నిలిపే ఎ అయాన్లు కరువై క్రమం చెడిపోతుంది. పూర్తి జింకు ఫెర్రైట్ గది ఉష్ణోగ్రత వద్ద పారా అయస్కాంత పదార్థం మాత్రమే.

టైటానియం దీనికి భిన్నంగా పనిచేస్తుంది. +4 ఆవేశం గల టైటానియం అయాను బి స్థానంలో చేరుతుంది. ఆవేశం సమతూకం కావడానికి ఫెర్రిక్ అయాన్లు ఫెర్రస్‌గా మారతాయి. చివరకు ఇనుము అంతా ఫెర్రస్‌గా మారినప్పుడు ఎ వైపు 4, బి వైపు 4 మిగిలి భ్రామకం దాదాపు శూన్యమవుతుంది. క్యూరీ ఉష్ణోగ్రత కూడా టైటానియం పెరిగిన కొద్దీ తగ్గుతుంది. ప్రకృతిలో లభించే ఇటువంటి మిశ్రమాలను టైటానో మాగ్నటైట్లు అంటారు.

శిలలలో మాగ్నటైట్

లావా చల్లబడి రాయిగా మారేటప్పుడు అందులోని మాగ్నటైట్, టైటానో మాగ్నటైట్ రేణువులు క్యూరీ ఉష్ణోగ్రతను దాటి చల్లబడతాయి. ఆనాటి భూ అయస్కాంత క్షేత్రపు దిశ వాటిలో ముద్ర వలె నిలిచిపోతుంది. తెలంగాణ పశ్చిమ, ఉత్తర భాగాలకు విస్తరించిన దక్కను నల్లరాయి పొరలు సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం నాటివి. వాటిలోని అయస్కాంత ముద్రలను కొలిచి, ఆనాడు భారత భూభాగం భూమధ్యరేఖకు దక్షిణాన ఉండేదని, తరువాత ఉత్తరానికి జరిగిందని నిర్ణయించారు. రాజమండ్రి పరిసరాలలోని నల్లరాయి పొరలు కూడా ఇదే కాలానికి చెందినవి.

లభ్యత

ఆంధ్ర ప్రదేశ్‌లో ప్రకాశం జిల్లా ఒంగోలు పరిసరాలలో మాగ్నటైట్, క్వార్ట్జ్ పొరలు పొరలుగా ఉన్న శిలలు ఉన్నాయి. విశాఖపట్నం, భీమునిపట్నం తీరంలోని నల్ల ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్‌లతో పాటు మాగ్నటైట్ కూడా ఉంటుంది. అటువంటి ఇసుకలో అయస్కాంతాన్ని తిప్పితే దానికి అంటుకొనే నల్లని రేణువులు ముఖ్యంగా మాగ్నటైటే.

ఉపయోగాలు

- ఇనుము, ఉక్కు తయారీలో ముఖ్యమైన ముడి ఖనిజం. అయస్కాంతంతో మట్టి నుండి సులభంగా వేరు చేయవచ్చు.
- అమ్మోనియా తయారుచేసే హేబర్ పద్ధతిలో వాడే ఇనుప ఉత్ప్రేరకాన్ని మాగ్నటైట్‌ను క్షయకరించి తయారు చేస్తారు. ఎరువుల పరిశ్రమ దీనిపై ఆధారపడి ఉంది.
- నికెల్, మాంగనీస్, జింకు కలిపిన ఫెర్రైట్లు ట్రాన్సిస్టర్ రేడియోలలోని ఏరియల్ కడ్డీలలోను, ట్రాన్స్‌ఫార్మర్లలోను ఉపయోగపడతాయి. వీటిలో కదిలే ఆరవ ఎలక్ట్రాన్ దాదాపు లేనందువలన విద్యుత్ నిరోధం ఎక్కువ. అధిక పౌనఃపున్యాల వద్ద కూడా ఇవి వృథాగా వేడెక్కవు.
- కొన్ని రకాల బాక్టీరియాలు తమ కణాలలో మాగ్నటైట్ రేణువులను గొలుసులుగా పేర్చుకొని దిక్కు తెలుసుకొంటాయి. రిచర్డ్ బ్లేక్‌మోర్ 1975లో ఇటువంటి వాటిని వర్ణించాడు.

తరచు కలిగే పొరపాటు

మాగ్నటైట్‌ను ఇనుము, నికెల్ లోహాల వలె ఫెర్రో అయస్కాంత పదార్థమని చెప్పడం వాడుకలో ఉంది. బయటకు రెండింటి ప్రవర్తన ఒకే విధంగా కనిపించినా లోపలి అమరికలు వేరు. ఫెర్రో అయస్కాంత పదార్థంలో అన్ని భ్రామకాలు ఒకే దిశలో కూడుకొంటాయి. ఫెర్రి అయస్కాంత పదార్థంలో ఒక దాని నుండి మరొకటి తీసివేయగా మిగిలినదే కనిపిస్తుంది. మాగ్నటైట్ రెండవ రకానికి చెందినది. 14 రావలసిన చోట 4 ఎందుకు వస్తుందో గుర్తుంచుకొంటే ఈ పొరపాటు జరగదు.